పేర్ల పాట ఆంటీ

కవాయ్ దీవిలో పడమటి వైపు ఊళ్ళకు వెళ్ళి, ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళను ఎవరినైనా సరే ఆపి, "నీ పేరు మీద పాట ఉందా?" అని అడగండి. ఉందనే అంటారు. పెట్రోలు బంకులో పనిచేసే కుర్రాడైనా, బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే పిల్లైనా కాస్త సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, చేతులు ఊపుతూ పాడి మరీ వినిపిస్తారు. పాట అందరిదీ ఒకటే. వాన, చేమ ఆకు, పడవ, గాలి. చివర వచ్చే పేరు మాత్రం ఎవరిది వాళ్ళది. ఆ పాట నేర్పినావిడ లహేలా కపూనియాయ్. లైబ్రరీకి వచ్చే పిల్లల్లో సగం మందికి ఆవిడ పేరు తెలియదు. పేర్ల పాట ఆంటీ అంటారు.

లహేలా గొప్ప కళాకారిణి ఏమీ కాదు. ఎవరైనా ఆ మాట అంటే ముందు ఆవిడే కసురుకుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పింది. రోజూ మూడు వందల పళ్ళేల్లో అన్నం, అన్నం మీద గ్రేవీ. ఎవరు కూరముక్కలు ఏరి పక్కన పెడతారో, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారో గరిటె ఎత్తేలోపే కనిపెట్టేది. మొహం గంటు పెట్టుకుని వడ్డించేది, ఇంకాస్త అడిగినవాళ్ళకు అడిగినదానికి రెట్టింపు వేసేది. పెద్ద గొంతు, పెద్ద ఒళ్ళు, అంతకంటే పెద్ద కోపం. ఆ కోపానికి పిల్లలు ఒక్కరూ భయపడేవారు కాదు.

ఈ దీవుల నాట్యం, హులా, నేర్చుకున్నది పంతొమ్మిదో ఏట, కుమూ ఇవలాని దగ్గర. కుమూ అంటే గురువు. ఆ గురువుగారి నాట్యశాల అంటే ఇంటి పక్కన కారు నిలిపే రేకుల షెడ్డు. వాన పడితే రేకుల చప్పుడులో పాట వినపడదు, అయినా పాడమనేది. "నడుము బాగానే తిరుగుతుంది గానీ, పోటీలకు పనికొచ్చే మొహం కాదే నీది. జడ్జీలను కూడా కసిరేలా చూస్తావు. నువ్వు కథలు చెప్పుకో" అనేసింది ఒకరోజు అందరి ముందూ. తోటి శిష్యురాలు డోరీన్ నెత్తిన పూలు చుట్టుకుని హొనొలూలు వెళ్ళి పెద్ద నాట్యబడి పెట్టింది. లహేలాకు దక్కినవి ఒక సొరకాయ బుర్ర వాద్యం, నోట్లో నలభై దాకా కథలు, పాటలు. కుమూ దేన్నీ రాసుకోనిచ్చేది కాదు. టేపు రికార్డరు తెచ్చిన పిల్లను ఆ పూటకు బయటికి పంపేసింది.

కుమూ పోయాక ఆ నలభై కథలనూ ఏం చేసుకోవాలో లహేలాకు తోచలేదు. అప్పుడే ఊళ్ళోని లైబ్రరీలో ఫుమియే అనే కొత్త లైబ్రేరియన్ చేరింది. శనివారాలు పిల్లలకు ఎవరైనా కథలు చెబుతారా అని బడి వంటశాల తలుపు మీద కాగితం అంటించింది. ఆ కాగితం చింపి చేత్తో పట్టుకుని వెళ్ళింది లహేలా. "ఇదిగో, ఇంకెవరూ చూడకుండా చింపేశాను. ఇప్పుడు నీకు నేనే గతి" అంది.

ఆ శనివారం నుంచి ఇరవై ఆరేళ్ళు. లైబ్రరీలో పిల్లల గది తలుపు దగ్గర ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. పిల్లలు బయట వరసగా నిలబడి, లోపలికి రానిమ్మని పాడి అడగాలి. లోపలి నుంచి ఆవిడ పాడి జవాబిస్తేనే గడప దాటాలి. పాత నాట్యశాలల్లో పెద్దవాళ్ళకు ఉండే నియమమే అది, పిల్లలని ఆవిడ ఏమీ తగ్గించలేదు. "గొంతులో అన్నం పెట్టుకుని పిలిస్తే నాకేం వినపడుతుంది? మళ్ళీ" అనేది లోపలి నుంచి. బయట పిల్లలు నవ్వులు ఆపుకోలేక మళ్ళీ పాడేవారు. ఇది లైబ్రరీ అని ఒకసారి గుర్తు చెయ్యబోయి, ఆవిడ చూపు చూసి ఫుమియే ఊరుకుంది.

పేర్ల పాట మొదట పేర్ల పాట కాదు. అది ఒకే ఒక్క పేరు పాట. ఈ దీవుల్లో మనిషి పేరు మీద పాట కడతారు. అది ఆ మనిషిది, ఆ మనిషి తరవాత వాళ్ళ ఇంటిది. ఇంకొకళ్ళు పాడాలంటే అడగాలి. కుమూ ఇవలాని ఆ పాటను లహేలాకు నేర్పేటప్పుడు షెడ్డులోంచి మిగతా అందరినీ పంపేసి, డోరీన్‌ను మాత్రం ఉంచింది. "ఇది ఒక ఇంటివాళ్ళ పిల్ల పేరు మీద కట్టింది. వాళ్ళింట్లో పాడుకునే దారి లేక మా అమ్మకు దాచమని ఇచ్చారు. మా అమ్మ నాకిచ్చింది. ఎప్పుడో ఒకరోజు వాళ్ళు వస్తారు. వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి. అందాకా ఒక్క ముక్క జారనిచ్చారో, మీ ఇద్దరి వీపులూ చిట్లగొడతాను" అంది. ఎవరి ఇల్లు, ఏమా కథ అని అడిగితే, ఒక పిల్ల పడవెక్కి వెళ్ళిపోయింది, అంతే అంది. లహేలాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో ఎవరైనా చేసేదే చేసింది, తల ఊపింది.

పాట చిన్నది. మన మాటల్లో చెబితే ఇంతే:

చేమ ఆకు మీద వాన పడింది, ఆకు తడవలేదు.
రేవులోకి పడవ వచ్చింది, రేవు ఆపలేదు.
గాలీ, నువ్వు చూశావు, చెయ్యి ఊపిందెవరో.
ఈ పాట ఆమె పేరుకు.

ఆ తరవాత పేరు.

లైబ్రరీలో చేరిన మొదటి ఏడే ఒక పిల్ల వచ్చింది, డెస్టినీ అని. ఎక్కడినుంచో కొత్తగా వచ్చి పిన్ని ఇంట్లో ఉంటోంది. పేరడిగితే చెప్పదు, నేల చూపు తప్ప ఇంకో చూపు లేదు. మూడు శనివారాలు అలాగే కూర్చుంది. నాలుగో శనివారం లహేలా ఈ పాట పాడుతూ, చివరికి వచ్చేసరికి ఆ పిల్ల వంగిన మెడ కనబడింది. నోటిదాకా వచ్చిన అసలు పేరు వదిలేసి, "ఈ పాట ఆమె పేరుకు, డెస్టినీ!" అంది. ఆ పిల్ల తలెత్తింది. మూడు వారాల్లో మొదటిసారి లహేలాకు దాని కళ్ళు కనిపించాయి. ఇంటికెళ్ళి ఆ సంగతి మొగుడు మానీకి చెబుతూ ఏడ్చింది కూడా.

తరవాతి శనివారం అందరికీ కావాల్సి వచ్చింది. నాకూ, నాకూ అని మీద పడ్డారు. వారానికి ఒకళ్ళ వంతు అని పెట్టింది. వంతు వచ్చిన పిల్ల గుండ్రంగా కూర్చున్నవాళ్ళ మధ్య నిలబడాలి. లహేలా చివరి మాట దగ్గర ఆగి చెయ్యెత్తగానే, ఆ పిల్ల గొంతెత్తి తన పేరు తనే అనాలి. చెయ్యి ఊపే చోట అభినయం కూడా మార్చింది, పిల్లలకు సరదాగా ఉంటుందని రెండు చేతులూ ఊపి గెంతమంది. పుట్టినరోజుల వాళ్ళకు ముందు వంతు. వంతుల కోసం తల్లులు ఫుమియేకు ఫోన్లు చేసేవారు. మంచిపని చేస్తున్నామనుకునే మనిషి ఎక్కడ ఆగాలో చూసుకోడు. చెడ్డపని చేసేవాడే నయం, వాడు అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి చూస్తాడు.

ఇరవై ఆరేళ్ళలో లహేలా ఆ పాటను దాని అసలు పేరుతో ఒక్కసారి కూడా పాడలేదు.

ఒక శనివారం ఆట ముగిసి పిల్లలు చెప్పుల కోసం తోసుకుంటున్నారు. హోటల్ లాండ్రీ యూనిఫాంలో ఉన్న ఒక యాభై ఏళ్ళ మనిషి లిలినోయ్ అనే ఏడేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లిలినోయ్ వచ్చి రెండు నెలలైంది, వంతు పోయిన వారమే అయింది.

"ఆంటీ, నేను కెహౌ. దీని అమ్మమ్మని. కెకహా నుంచి" అంది. "మీతో ఒక మాట మాట్లాడాలి. ఈ పాట మీకెవరిచ్చారు?"

"మా కుమూ. ఏం, దీనికి రావట్లేదా? బానే పాడిందే మొన్న!"

"పాడింది. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా పాడింది. మా టూటూ అబిగైల్ అక్కడే కుర్చీలో ఉంది. మా నాన్న తల్లి. తొంభై మూడేళ్ళు. చేతిలో చెంచా పడేసింది, ఆంటీ. అది మా అమ్మ పాట అంది."

లహేలా బుర్ర వాద్యాన్ని గుడ్డలో చుడుతున్నది చుడుతున్నట్టే ఆగిపోయింది.

కెహౌ చెప్పింది. అబిగైల్ తల్లికి ఒక చెల్లెలుండేది. తొమ్మిదేళ్ళ వయసులో చెంప మీద మచ్చ వచ్చింది. అప్పట్లో అలాంటి మచ్చ వచ్చినవాళ్ళను మొలకాయ్ దీవికి, కుష్ఠు రోగుల చోటికి పడవెక్కించేవాళ్ళు. ఎక్కినవాళ్ళు తిరిగి రారు. ఆ పిల్లా రాలేదు. ఇంట్లో ఇంకొకళ్ళకు ఆ జబ్బుందని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయానికి ఆ పిల్ల ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ అక్కచెల్లెళ్ళ అవ్వ మాత్రం మనవరాలి పేరు మీద ఒక పాట కట్టి, ఇంట్లో పాడుకోలేక, స్నేహితురాలి చేతిలో పెట్టింది.

"మా టూటూ వాళ్ళమ్మ పోయేదాకా ఆ పాట మూలుగుతూనే ఉండేదట. నోరు మూసుకుని, ముక్కుతో. మాటలుండేవి కావట. అన్నం పెట్టు, బట్టలారెయ్యి, అదే మూలుగు. లిలినోయ్ నోట్లో మాటలు విని టూటూ మొదటిసారి అర్థం చేసుకుంది, ఆంటీ! తొంభై మూడేళ్ళకి!"

"పేరు?" అంది లహేలా. ఎందుకలా అడిగిందో ఆవిడకే తెలియదు.

"అదే కదా. అక్కడి రిజిస్టరులో మేరీ అని ఉంది. ఆ ఏడు పడవల్లో వెళ్ళిన మేరీలే ఆరుగురున్నారు. అది చర్చి పేరు. అవ్వ పెట్టిన పేరు పాట చివర్లో ఉందని మాత్రం ఇంట్లో అనుకునేవాళ్ళు. ఇదేమో ఆ చోట తన పేరు పెట్టుకుని పాడుతోంది" అని కెహౌ నవ్వి మనవరాలి నెత్తి మీద చెయ్యేసింది. "అసలుది మీ దగ్గరుంటుందిగా. వచ్చే నెల మేము మొలకాయ్ వెళ్తున్నాం. రాయి చెక్కిస్తున్నాం, దాని మీద పేరు కావాలి. టూటూ ఒక్కసారి చెవులారా వింటే చాలంటోంది. మా వాళ్ళు కూడా పారేసుకున్నదాన్ని మీరు దాచారు. మీ మేలు మా ఇంట్లో ఎవరం మర్చిపోం, ఆంటీ."

లహేలా నోరు తెరిచింది. పేరు చెప్పడానికే తెరిచింది. చివరి మాట దాకా మనసులో పాడుకుంది, ఈ పాట ఆమె పేరుకు, అని. ఆ తరవాత ఏమీ లేదు. నాలుక చివర ఉన్నట్టు కూడా లేదు. లిలినోయ్ అని వచ్చింది. దాని వెనక డెస్టినీ అని వచ్చింది. పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

"ఇలా నిలబడి చెప్పేది కాదమ్మా" అంది చివరికి. "ఇంటికొస్తాను. పెద్దావిడ ఎదురుగా పాడి ఇస్తాను. మూడు వారాలు టైమియ్యి."

కెహౌ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాటను తిరిగి ఇచ్చే పద్ధతి అదే మరి. ఇంటికి వచ్చి, గుమ్మం ముందు అడిగి, ఎదురుగా కూర్చుని ఇవ్వాలి. లహేలా అబద్ధం అంత మర్యాదగా కుదిరింది.

ఆ మూడు వారాలూ ఆవిడ ఎలా గడిపిందో చెప్పడానికి నాకే మనసొప్పదు. మధ్యాహ్నాలు వంటింట్లో బల్ల ముందు కూర్చుని బుర్ర మీద తాళం వేస్తూ పాడేది. చివరికి వచ్చేసరికి ఎవరో ఒక పిల్ల పేరు టక్కున పడేది. మళ్ళీ మొదలు. కలెఓ, బ్రిటనీ, జేడెన్, కుఉలెయ్, మెకెంజీ. ఇరవై ఆరేళ్ళ శనివారాల పిల్లలు ఒక్కరూ తప్పకుండా వచ్చారు. ఎప్పుడో మొహం మర్చిపోయిన పిల్లలు కూడా వచ్చి ఆ చోట్లో నిలబడ్డారు. రావలసిన పిల్ల ఒక్కతే రాలేదు.

మానీ చెరుకు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటిపట్టునే ఉంటూ కోళ్ళకు గింజలేసే మనిషి. మొదట్లో తేలిగ్గా తీసుకున్నాడు. "పెరట్లో పుంజులక్కూడా ఆ పాట వచ్చేసిందే. వాటినడుగు" అన్నాడు. లహేలా పళ్ళెం తీసి విసిరేసరికి నోరు మూసుకున్నాడు.

హొనొలూలులో డోరీన్‌కు ఫోన్ చేసింది. డోరీన్ ఎత్తుతూనే సంతోషపడింది.

"ఆ పాటా? అయ్యో, మా బడిలో ఇప్పుడు అదే కదే హిట్టు! నీ పద్ధతే పెట్టాను, చివర పిల్లల పేర్లు. తల్లులు పడి చస్తున్నారు."

"డోరీన్, అసలు పేరు చెప్పు."

"ఏ అసలు పేరు?"

"కుమూ మనిద్దరికే నేర్పిన పేరు."

"క తో మొదలవుతుంది" అంది డోరీన్.

"క తో మొదలవని పేరు ఈ దీవుల్లో ఎక్కడేడ్చిందే?"

"పొడుగ్గా ఉండేది. మధ్యలో ఊపిరి తీసుకుంటే కుమూ చంపేసేది, అది గుర్తుంది. నీ దగ్గరుంటుందిలే అనుకున్నాను లహే. నువ్వే కదా దాన్ని వారం వారం పాడేది!"

నీ దగ్గరుంటుందిలే అనుకున్నాను. ఆ మాట దగ్గర లహేలా ఫోన్ పెట్టేసింది. తిట్టడానికి కూడా హక్కు మిగల్లేదు.

పేర్లు కలలో రావడం ఇక్కడివాళ్ళకు వింత కాదు. పుట్టబోయే బిడ్డ పేరు కలలో చెప్పిన పెద్దలు ఎందరో. లహేలా ప్రతిరోజూ ప్రార్థన చేసి పడుకుంది. కుమూ ఇవలాని పాత షెడ్డు ఉన్న చోటికి వెళ్ళి, ఇప్పుడక్కడ కడుతున్న ఎవరిదో ఇంటి కాంక్రీటు ముందు నిలబడి, తిట్టవే, కొట్టవే, పేరు మాత్రం చెప్పవే అని అడిగింది. పొద్దున లేవగానే మానీ కాఫీ కప్పు చేతికిస్తూ, "వచ్చిందా?" అనేవాడు. "లేదు." పంతొమ్మిది రోజులు అదే మాట. ఇరవయ్యో పొద్దున అతను అడగలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక మాట చెప్తా, కప్పు విసరకు. ఏదో ఒకటి చెప్పెయ్. మంచి పేరు చూసి చెప్పు. తొంభై మూడేళ్ళ ముసలావిడ. విని, సంతోషంగా పోతుంది. తెలిసినవాళ్ళెవరున్నారు, తప్పని చెప్పడానికి?"

"దాని నెత్తి మీద ఇంకొకళ్ళ పేరుతో రాయి పెట్టమంటావా? చచ్చిన పిల్లకి?"

"నేనన్నది ముసలావిడ గురించి."

"నాకు తెలుసు నువ్వన్నది" అంది లహేలా. కప్పు విసరలేదు. అందుకే మానీకి భయం వేసింది.

విసరలేదెందుకంటే, అప్పటికే ఆవిడ దగ్గర ఒక పేరుంది. రెండు రోజుల కిందట తనకు తానే కట్టుకుంది. క తో మొదలవుతుంది, పొడుగ్గా ఉంటుంది, ఊపిరి ఆపకుండా అనాలి. పాట చివర అచ్చంగా అతికింది. వానా, పడవా, చెయ్యి ఊపడమూ అన్నీ ఆ పేరులో ఇమిడాయి. ఎంత బాగుందంటే, ఇదే అసలు పేరేమో, కుమూయే ఇలా చెప్పిందేమో అని కాసేపు నమ్మింది కూడా. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. తప్పు పేరుకు చోటివ్వడం ఇప్పటికే చాలా జరిగింది.

ఆదివారం మధ్యాహ్నం కెకహా వెళ్ళింది. ఒక ముసలావిడ, ఒక కెహౌ ఉంటారనుకుంది. వాకిట్లో పదకొండు కార్లున్నాయి. ఇంటిల్లిపాదీ, పక్క దీవి నుంచి వచ్చినవాళ్ళు కూడా, ఇస్త్రీ బట్టల్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. వంటింట్లోంచి పంది మాంసం ఆకుల్లో ఉడుకుతున్న వాసన వస్తోంది. తెల్లారకముందే లేచి వండి ఉంటారు. లహేలా గుమ్మం బయట నిలబడి, లోపలికి రానిమ్మని పాడి అడిగింది. ఇన్నేళ్ళుగా పిల్లల చేత అడిగించిన పాటే. లోపలి నుంచి జవాబు రాకపోతే బాగుండునని మనసారా కోరుకుంది. జవాబు రాకపోతే వెనక్కి వెళ్ళిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. పగిలిన సన్నటి గొంతు ఒకటి లోపలి నుంచి పాడింది. అబిగైలే పాడింది, ఆగి ఆగి, ఊపిరి అందక. రమ్మంది.

ముసలావిడ కుర్చీలో నాలుగు దిండ్ల మధ్య ఉంది. మెడలో పూలదండ. లహేలా మెడలోనూ ఒకటి వేశారు. రాయి చెక్కేవాడిచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని కెహౌ తమ్ముడు కూర్చున్నాడు. లిలినోయ్ వచ్చి లహేలా పక్కన చాప మీద చతికిలబడింది.

"పాడమ్మాయ్" అంది అబిగైల్. అరవై ఎనిమిదేళ్ళ లహేలాను అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఈవిడ తప్ప.

లహేలా పాడింది. పిల్లల గదిలో పాడినట్టు కాకుండా కుమూ నేర్పినట్టు పాడింది. నెమ్మదిగా, బరువుగా, గెంతులు లేకుండా. చెయ్యి ఊపే చోట ఒక్క చెయ్యే ఎత్తింది, అదీ భుజం దాకా. అంత చిన్నదే ఆ అభినయం అని ఆవిడకు అప్పుడే గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల, పడవ మీద కాపలావాళ్ళ మధ్య, అంతకంటే ఎత్తలేదు. ముసలావిడ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. వినగానే తనూ అనడానికి నోరు తెరిచి ఉంచింది. ఈ పాట ఆమె పేరుకు.

కట్టుకున్న పేరు లహేలా నోటిదాకా వచ్చింది. పంటి కింద ఉంది.

"నాకు తెలీదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "తెలీదంటే?" అన్నాడు పెన్సిల్ పట్టుకున్నతను.

అప్పుడు మొత్తం చెప్పింది. డెస్టినీ దగ్గర మొదలుపెట్టి, వంతులు, పుట్టినరోజులు, డోరీన్ బడి, ఏదీ దాచలేదు. ఇప్పుడు పంటి కింద ఉన్న దొంగ పేరు సంగతి కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల చూపే. కెహౌ లేచి నిలబడింది.

"మూడు వారాలు ఆంటీ. ఆ రోజే చెప్పుంటే? ఇంతమందిని పిలిచాను. టూటూ రోజూ అడుగుతోంది, ఎన్ని రోజులున్నాయి ఇంకా అని. వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది!"

"ఊరుకో" అంది అబిగైల్. చెవి వెనక చెయ్యి ఇంకా తీయలేదు. తరవాత మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. "మా అమ్మ వాళ్ళ అవ్వ భయపడి పరాయి ఇంట్లో దాచింది. మా అమ్మ సిగ్గుపడి మింగేసింది. నువ్వు పిల్లలు నవ్వితే చాలనుకున్నావు. తిట్టడానికి నాకు ఒక్కరూ దొరకట్లేదు కదమ్మాయ్" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే లహేలా దాన్ని పట్టుకుని ఇంటికి వెళ్ళగలిగేది.

అబిగైలే అడిగింది. "పాట మాదేనా?"

"మీదే."

"అయితే ఇంకెవరి పేరూ పెట్టకు దాంట్లో."

అంతే. ఇక్కడ అన్నం తినకుండా ఎవరినీ పంపరు, ఎంత జరిగినా పంపరు. లహేలాకూ పళ్ళెం పెట్టారు. ఎవరూ తినలేదు, ఆవిడా తినలేదు. వెళ్ళేటప్పుడు ఆ పళ్ళెం మీద రేకు కాగితం చుట్టి కెహౌయే తెచ్చి కారులో పెట్టింది, మొహం వంక చూడకుండా. దారిలో లహేలా కారు ఆపి, ఒళ్ళో ఆ పళ్ళెంతో గట్టిగా ఏడ్చింది. ఏడ్చినా తేలికపడలేదు.

రాయి ఆ వారమే చెక్కారు. మేరీ అని చెక్కారు. ఆరుగురు మేరీలలో ఒక మేరీ.

శనివారం లైబ్రరీకి వెళ్ళకూడదనే అనుకుంది. మానీ కూడా వద్దన్నాడు. కానీ ఆ పాట ఇక ఎవరూ పాడకపోతే, పేరుండాల్సిన ఆ ఖాళీ కూడా పోతుంది. పిల్లలకు సంగతి చెప్పాలి, పెద్దగా కాకపోయినా కొంచెమైనా, అనుకుంటూ వెళ్ళింది. ఆ వారం వంతు కైలీ అనే పిల్లది. ఆరేళ్ళు నిండిన రోజు. గులాబీ రంగు గౌను, నెత్తిన కాగితం కిరీటం. వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని వీడియోకు సిద్ధంగా ఉంది. తలుపు బయట పిల్లలు పాడారు. లోపలి నుంచి జవాబిచ్చింది. వాళ్ళు వచ్చి కూర్చున్నారు.

చెబుదామనుకున్నది ఒక్క ముక్కా నోటికి రాలేదు. వాళ్ళ మొహాలు చూసి, జబ్బని ఎలా చెప్పను, పడవని ఎలా చెప్పను అనుకుంది. కైలీని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇవాళ పేరు అనకు బంగారం" అని చెవిలో చెప్పింది. ఆ పిల్లకు అర్థం కాలేదు, పెదవులు బిగించుకుని కూర్చుంది. లహేలా బుర్ర మీద తాళం వేసి పాడింది. వాన, చేమ ఆకు, పడవ, గాలి. భుజం దాకా ఎత్తిన ఒక్క చెయ్యి. రెండు చేతులూ ఎత్తి గెంతిన పిల్లలు తాము తప్పు చేశామేమోనని దించేసుకున్నారు. ఈ పాట ఆమె పేరుకు, అని ఆగింది.

పిల్లలు ఎదురుచూశారు. ఎంతసేపు చూడాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. కైలీ కళ్ళలో నీళ్ళు నిండాయి, అయినా నోరు తెరవలేదు. పుస్తకాలు సర్దుతున్న ఫుమియే కూడా చెయ్యాపి ఇటు తిరిగింది. వెనక వరసలోంచి ఒక పిల్ల పక్కదాని చెవిలో, అందరికీ వినిపించేలా గుసగుసలాడింది.

"ఆంటీ మర్చిపోయింది."

పిల్లలందరూ నవ్వారు. వాళ్ళు నవ్వడం ఆపేదాకా లహేలా ఆగింది.

"అవును నాన్నా" అంది. "మర్చిపోయాను."